వంతుల పడవ

మా మామ చనిపోయిన ఏడాదే మా ఆయనా వాళ్ల అన్నా, అన్నదమ్ములిద్దరూ వేరుపడ్డారు. ఇంటి నడుమ మట్టిగోడ లేచింది. గిన్నెలూ చెంబులూ అటు కొన్ని, ఇటు కొన్ని పోయాయి. బర్రె మా బావ వాకిట్లోకి, దాని దూడ మా వాకిట్లోకి వచ్చాయి. పంచడానికి వీలుకానిది పడవ ఒక్కటే. దాన్ని నిలువునా కోయలేరు, అమ్మడానికి ఇద్దరికీ మనసు రాలేదు. కులపెద్దలు రేవు మెట్ల మీద కూర్చుని చాలాసేపు చుట్టలు కాల్చి చివరికి వంతులు పెట్టారు. ఒక అంగడి రోజు నుంచి మళ్లీ అంగడి దాకా అన్న నడపాలి, ఆ తరువాతి అంగడి దాకా తమ్ముడు నడపాలి. తీర్పు న్యాయంగా ఉందని అందరూ అన్నారు. నేనూ అలాగే అనుకున్నాను. అప్పటికి నాకు పడవల సంగతి ఏం తెలుసు? ముఖేడ్ వైపు ఒక చెరువు ఊళ్లో పుట్టినదాన్ని. మా పుట్టింటివాళ్లు వల వేసి చేపలు పట్టేవాళ్లే గాని, వాళ్లకు పడవ లేదు.

నాందేడులో మా ఇల్లు గంగ ఒడ్డునే. గోదావరిని మా వాళ్లెవరూ గోదావరి అనరు, గంగ అంటారు. ఇంట్లో తెలుగు, పడవ ఎక్కేవాళ్లతో మరాఠీ, నిజాం సర్కారు కొలువుల వాళ్లు వస్తే దక్కనీ మాటలు. మా మామ పడుచుతనంలో సర్ఖని వైపు అడవుల నుంచి టేకు మొద్దులు బండ్ల మీద తెప్పించి, మూడు ఎండాకాలాలు వడ్రంగం చేసే వడ్లవాళ్లను ఇంట్లో పెట్టుకుని పోషించి ఆ పడవ కట్టించాడట. మా రేవులో తెరచాప ఉన్న పడవ అదొక్కటే. మిగిలినవన్నీ గడలతో తోసే చిన్నవి. వానలు వెనకబడి, దసరా దాటి, తూర్పుగాలి తిరిగిందంటే మా పడవ తెరచాప ఎత్తి ప్రవాహానికి ఎదురుపోయేది. పై ఊళ్ల నుంచి బెల్లం, పసుపు, పత్తి వేసుకుని వచ్చేది. మిగతా రోజుల్లో ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు మనుషులను దాటించేది.

నీళ్ల మీద నడిచేటప్పుడు పడవకు ఏ భయమూ లేదనేవాడు మా ఆయన. కట్టేసి ఉన్నప్పుడే దానికి గండమట. పెళ్లయిన కొత్తలో నాకు ఆ మాట వింతగా ఉండేది. తరువాత నా కళ్లతోనే చూశాను. మా రేవు మెట్లు నల్లరాతివి. అంచులు కత్తుల్లా ఉంటాయి. గాలి తోసినా, పక్కనుంచి ఇంకో పడవ పోయి అల లేచినా, కట్టేసిన పడవ పోయి ఆ రాతికి తగులుతుంది. ఒక దెబ్బకు ఏమీ కాదు. రోజంతా అలా తగులుతూనే ఉంటే పలక పీచులు లేస్తుంది. పలకల సందుల్లో కూరిన జనుపనార ఊడి వస్తుంది. నీళ్లు లోపలికి ఊరుతాయి. తాళ్లు బిగించి కడితే ఇంకో ముప్పు. గంగ తగ్గినప్పుడు పడవ మెట్టు అంచు మీద కూర్చుంటుంది, తన బరువుతో తనే అడుగు పగలగొట్టుకుంటుంది. అందుకని ముందొక తాడు, వెనకొక తాడు, రెండూ కాస్త వదులుగా ఉండాలి. పడవకూ రాతికీ నడుమ మెత్తలు వేలాడాలి. మెత్తలంటే మరేం లేదు, గోనెసంచిలో ఎండుగడ్డి కూరి, నోరు కుట్టి, చుట్టూ తాడు అల్లి చేసినవే. అవి నాని, కుళ్లి, పురుగు పడితే మళ్లీ కొత్తవి చేయాలి. ఆ కుట్టే పని నేను ఇంటికి వచ్చిన రెండో నెలలోనే నాకు వచ్చింది. దబ్బనంతో గోనె కుట్టీ కుట్టీ నా బొటనవేలి గోరు వంకరపోయింది. ఇప్పటికీ అలాగే ఉంది.

మా బావ చెడ్డవాడు కాదు. ఆయన్ని చెడ్డవాడని చెప్పగలిగితే నాకు ఇంత బాధ ఉండేది కాదేమో. నవ్వు మొహం మనిషి. ముసలివాళ్లను చెయ్యి పట్టి దింపేవాడు, పిల్లలను భుజాన ఎత్తుకుని మెట్లెక్కించేవాడు. మా ఊరి గురుద్వారాకు వచ్చే సిక్కు యాత్రికులు ఆయన పడవ కోసమే కాచుకునేవాళ్లు. ఆయన వంతు ఎప్పుడని నన్నే అడిగి పోయినవాళ్లున్నారు. కాని పడవ దిగి ఒడ్డున కాలు పెట్టాడంటే ఇక ఆయనకు పడవ లేదు. ఒక్క తాడు ఏ రాయికో చుట్టేసి, మాటలు చెప్పుకుంటూ వెళ్లిపోయేవాడు. పడవ ఎక్కేవాళ్ల కాళ్లకు అడ్డమని మెత్తలు తీసి మెట్ల మీద పారేసేవాడు.

మా ఆయన మాటలు తక్కువ మనిషి. ఎక్కేవాళ్లతోనూ అంతే, నాతోనూ అంతే. అన్న వంతు వారం పొడుగునా ఆయన ముద్ద మింగుడు పడని మనిషిలా తిరిగేవాడు. మా వంతు రాగానే పడవను ఒడ్డుకు లాగించి ఒక పక్కకు వాల్చేవాడు. రాయి గీసిన చోటల్లా చేత్తో తడిమి చూసేవాడు. ఊడిన సందుల్లో కొత్త జనుము ఉలితో కొట్టి కూరి, గుగ్గిలం కరిగించి కుసుమ నూనెతో కలిపి పూసేవాడు. అది ఆరడానికి ఎండ కావాలి. మబ్బు పడితే మా వారం సగం ఒడ్డునే గడిచిపోయేది. అన్న పగలగొట్టడం, తమ్ముడు అతకడం. బావ వంతులో పడవ నడిచేది, మా వంతులో పడుకునేది. గోడకు అవతల మా యారాలు, అంటే బావ భార్య, జొన్నరొట్టెలు కొడుతున్న చప్పుడు వినపడేది. ఇవతల నేను పలచగా జొన్న గటక కాచి ఊరుకున్న పూటలు ఉన్నాయి.

ఒకరోజు నూనె పూస్తున్న మనిషి దగ్గర కూర్చుని అడిగేశాను.

"ఆయన వంతుల పగిలింది ఆయన్నే బాగు చేసుకోనీ. నీకేం అక్కెర?"

ఆయన తల ఎత్తలేదు.

"పడవకేమెరుక, ఎవ్వని వంతో" అన్నాడు.

అందులో అబద్ధం లేదు. కాని ఆ మాట విన్న దగ్గర్నుంచి నాకు ఆ పడవ మీద సవతి మీద ఉన్నంత కోపం మొదలైంది.

యుద్ధం వచ్చిన రోజుల్లో గోనెసంచులు దొరకడం మానేశాయి. సంచులన్నీ ఎక్కడికి పోతున్నాయో మాకు తెలియదు. అంగట్లో పాత సంచి కనపడితే నలుగురు ఎగబడేవాళ్లు. గుడ్డ అసలే లేదు. అప్పటికి నా బిడ్డ పుట్టి నాలుగో నెల. పురిటికి వెళ్లినప్పుడు మా అమ్మ బొంత కుట్టి ఇచ్చింది. తన పాత చీరలు, మా నాయన ధోవతులు పొరలు పొరలుగా వేసి, చలికాలమంతా కూర్చుని, గళ్లుగళ్లుగా కుట్టింది. అంచుకు ఎర్ర గుడ్డ వేసింది. ముఖేడ్ నుంచి నేను తెచ్చుకున్న వస్తువుల్లో అలాంటిది ఇంకొకటి లేదు. బిడ్డను అందులో చుట్టి పడుకోబెట్టేదాన్ని.

ఒక సాయంత్రం బావి నుంచి నీళ్లు తెచ్చేసరికి బిడ్డ ఉత్త చాప మీద ఉంది. ఇల్లంతా వెతికాను. వాకిట్లోకి వచ్చి గోడ మీదుగా మా యారాలిని అడిగాను. మా ఆయన చంకలో ఏదో గుడ్డచుట్ట పెట్టుకుని రేవు వైపు పోవడం చూశానని ఆమె చెప్పింది. బిడ్డను ఎత్తుకుని రేవుకు పరిగెత్తాను. బొంతను నాలుగు మడతలు పెట్టి, చుట్టూ తాడు బిగించి, పడవ పక్కన వేలాడదీశాడు. సగం నీళ్లలో మునిగి ఉంది. అలకు పడవ కదిలినప్పుడల్లా రాతికి ఒత్తుకుని బురదనీళ్లు కారుతున్నాయి. ఎర్ర అంచు పైకి కనపడుతోంది.

మా బావ వంతు అది. మెత్తలు కుళ్లి ఊడిపోతే ఆయన పట్టించుకోలేదు. ఈయన చూడలేకపోయాడు.

నేను అరవలేదు. అరిస్తే రేవంతా వింటుంది. నన్ను ఒక మాట అడగవచ్చు కదా అన్నాను. అడిగితే ఇవ్వవని అనుకున్నానన్నాడు. సంచి దొరికిన రోజు బొంత తీసి ఇస్తానన్నాడు. సంచి దొరికింది కూడా, దీపావళి దాటాక. అప్పటికి బొంతలో ఏముంది? మా అమ్మ చీర పోగులు చేతికి బంకలా అంటుకున్నాయి. పారేశాను. మా అమ్మ నన్ను చూడటానికి వచ్చినప్పుడు బొంత ఏదని అడిగింది. ఎలుకలు కొట్టాయని చెప్పాను. మొగుడి పరువు కాపాడటం నా వంతు, దానికి వారాల లెక్క లేదు.

ఆ మరుసటి ఏడు భాద్రపదంలో మా ఆయన చెయ్యి పోయింది.

అంగడి రోజు అది. మా బావ వంతు మొదలైన రోజు. పొద్దున్నుంచి రెండు ఒడ్లకూ జనం. ఎవరో పెద్దింటి ఆమె, మెత్తల బురద చీరకు అంటుకుందని గొణిగిందట. బావ మెత్తలన్నీ విప్పించి పై మెట్ల మీద పెట్టించాడు. ఆడవాళ్లు కాళ్లు తడవకుండా దిగాలని పడవను మెట్ల దగ్గరకు లాగి, తాళ్లు పొట్టి చేసి బిగించి కట్టాడు. మధ్యాహ్నానికి జనం పలచబడ్డారు. ఎవరింట్లోనో నామకరణం విందు ఉందని భోజనానికి వెళ్లిపోయాడు. పైన ఎక్కడో వాన పడింది. మాకు చినుకు లేదు, గాలి మాత్రం ఈడ్చి కొడుతోంది. మా ఆయన ఇంట్లో తింటున్నాడు. పొరుగు మనిషి ఒకడు వాకిట్లోంచి పిలిచి, గంగ పెరుగుతోందనీ, మీ పడవ రాతికి గుద్దుకుంటోందనీ చెప్పి పోయాడు.

ఆయన ఎంగిలి చెయ్యి కడుక్కోలేదు. నేను వెనకే పోయాను. "ఇయ్యాల నీ వంతు గాదు" అని రెండుసార్లు అన్నాను. వినిపించుకోలేదు.

రేవు దగ్గరికి పోయేసరికి నీళ్లు రెండు మెట్లు మింగేశాయి. తాళ్లు పొట్టిగా ఉండటం వల్ల పడవ ముందు భాగం కిందికి లాగబడి వంగింది. గాలికి వెనక భాగం బయటికి పోయి, మళ్లీ వచ్చి రాతిని కొడుతోంది. ఆ చప్పుడు ఇప్పటికీ ఒక్కోసారి వినపడుతుంది, తలుపు ఎవరో భుజంతో తోస్తున్నట్టుగా. ఆయన ముందు తాడు కొంచెం వదులు చేశాడు. పై మెట్ల మీద ఉన్న మెత్తను తెచ్చి వెనక వైపు వేలాడదీయబోయాడు. కట్టడానికి వ్యవధి లేదు. మెట్టు మీద మోకాళ్ల మీద కూర్చుని, మెత్తను చేత్తోనే రాతికి ఆనించి పట్టుకున్నాడు. ఒక అల వచ్చింది. పడవ వచ్చి తగిలింది. మెత్త జారి కిందికి పోయింది. చెయ్యి అక్కడే ఉండిపోయింది.

ఆయన నా వైపు చూశాడు, అంతే. పడవ వెనక్కి పోయాక చెయ్యి పైకి తీశాడు. నేను కొంగు చింపి చుట్టాను. ఎక్కడ చుట్టాలో తెలియలేదు. రేవులో ఉన్న చాకలివాళ్లు ఇద్దరు పరుగున వచ్చి పట్టుకున్నారు. దవాఖానకు తీసుకుపోతుంటే ఆయన వెనక్కి తిరిగి వాళ్లతో, వెనక తాడు గూడ వదులు చేయమని చెప్పాడు. వాళ్లలో ఒకడు పోయి చేశాడు. ఆ రోజు పడవకు ఏమీ కాలేదు.

సర్కారు దవాఖానలో డాక్టరు మూడు వేళ్లు తీసేశాడు. బొటనవేలు, చిటికెనవేలు మిగిలాయి. చిటికెనవేలు వంగదు. మా బావ ఆ సాయంత్రం వచ్చాడు. విందు నుంచి నేరుగా వచ్చాడు కాబోలు, నుదుటి మీద కుంకుమ, అక్షింతలు అలాగే ఉన్నాయి. మంచం పక్కన కూర్చుని తమ్ముడి తల నిమిరాడు. కళ్లనిండా నీళ్లు పెట్టుకున్నాడు. ఆ నీళ్లు నిజమైనవే.

"ఇయ్యాల నీ వంతు గాదు గద తమ్మీ" అన్నాడు. "నిన్నెవ్వలు పొమ్మన్నరు?"

సరిగ్గా నేను అన్న మాటే. కాని అదే మాట ఆయన నోటి నుంచి వింటే నా ఒళ్లు మండింది. మెత్తలు ఎవరు తీశారని, తాడు ఎవరు బిగించారని ఆయన అడగలేదు. మా ఆయన చెప్పలేదు. నేను నోరు తెరవబోతే కళ్లతో వారించాడు.

చెయ్యి మానేలోగా మా వంతులన్నీ బావే నడిపాడు. మానిన తరువాత కులపెద్దలు మళ్లీ రేవు మెట్ల మీద కూర్చున్నారు. ఈసారి ఎక్కువసేపు పట్టలేదు. నేను ఆడవాళ్లతో పాటు వెనక మెట్ల మీద బిడ్డను ఒళ్లో పెట్టుకుని ఉన్నాను. బావ నిలబడి మాట్లాడాడు. తమ్ముడంటే తనకు పానమని, పడవలో తమ్ముడి పాలు ఎక్కడికీ పోదని అన్నాడు.

"గని ఒంటిచేత్తోని తెరచాప తాడు గుంజుడు అయితదా?" అన్నాడు. "గాలొచ్చినప్పుడు ఎక్కినోళ్ల పానాలు ఎవ్వని చేతుల ఉంటయి? మీరే చెప్పుండ్రి."

ఎవరూ కాదనలేకపోయారు. నాకైనా అందులో కాదనడానికి ఏమీ దొరకలేదు. పెద్దలు మా ఆయన్ని అడిగారు. ఆయన లేచాడు. పోట్లాడతాడేమో, ఇన్నాళ్లకైనా నోరు విప్పి మెత్తల సంగతి చెబుతాడేమో అని నేను ఎదురుచూశాను.

"పడవ అన్ననే నడుపనీ" అన్నాడు. "కట్టేసినప్పుడు మాత్రం నన్ను చూసుకోనీయుండ్రి."

అది కూడా వరం అడిగినట్టు, చేతులు జోడించి అడిగాడు. జోడించిన చేతుల్లో ఒకటి సగమే ఉంది. పెద్దలు ఆయన మంచితనానికి ముచ్చటపడ్డారు. బావ వచ్చి కావలించుకున్నాడు. నా పక్కన ఉన్న ముసలామె, ఎంత అదృష్టవంతురాలివి, ఇలాంటి మొగుడు ఎవరికి దొరుకుతాడు అన్నది. నేను బిడ్డ జుట్టు సర్దుతూ ఉండిపోయాను.

ఆ తరువాత నేను దూది మిల్లులో చేరాను. పత్తిలోంచి గింజ ముక్కలు, ఆకు చెత్త ఏరే పని. పొద్దున మిల్లు కూత, భోంగా, మోగేసరికి గేటు దగ్గర ఉండాలి. దూది దుమ్ము ముక్కులోకి పోయి రోజంతా తుమ్ములు. బిడ్డను అక్కడే పత్తి కుప్ప పక్కన పడుకోబెట్టేదాన్ని. ఆయన పొద్దున లేచి రేవుకు పోయేవాడు. బావ పడవ నడిపినంతసేపు మెట్ల మీద కూర్చునేవాడు. కట్టేసిన తరువాత తాళ్లు సరిచేసి, మెత్తలు వేలాడదీసేవాడు. రెండు వేళ్లతో ముడి వేయడం రాక పళ్లతో లాగేవాడు. ఒక్కోసారి మెట్ల మీద గంటల తరబడి వెదురు గడ పట్టుకుని, పడవను రాతికి ఆనకుండా తోస్తూ ఉండేవాడు. జనం అలవాటు పడిపోయారు. ఆయన రేవులో రాయిలాగే ఒక రాయి అయ్యాడు.

ఎండాకాలం వస్తే ఇంకో పని. గంగ మడుగులుగా విడిపోయి, పడవను ఒడ్డుకు లాగేవాళ్లు. టేకు అయినా ఎండకు పలకలు ముడుచుకుని సందులు పడతాయి. తడుపుతూ ఉండాలి. ఆయన ఒంటిచేత్తో బిందె ఎత్తలేడు. మిల్లు నుంచి వచ్చిన నన్ను ఏమీ అడిగేవాడు కాదు. ఖాళీ బిందె పట్టుకుని వాకిట్లో నిలబడేవాడు. నేనే తీసుకుని పోయేదాన్ని. మడుగు దాకా ఇసుకలో కాళ్లు కాలుతూ నడిచి నీళ్లు తెచ్చి, నాది కాని పడవ పొట్ట మీద పోసేదాన్ని. నీళ్లు పడగానే చెక్క నల్లబడి మెరిసేది. ఆయన ముఖం కూడా అలాగే మారేది. నన్ను చూసి ఆయన ముఖం ఎప్పుడైనా అలా మారిందేమో అని ఆలోచించేదాన్ని. గుర్తుకు రాలేదు.

అలాంటి ఒకనాడు బావ అటుగా వచ్చాడు. చేతిలో తమలపాకుల పొట్లం. నన్ను చూసి బాగున్నవా అని పలకరించాడు. నేను బిందె దించాను.

"బావా, ఒక్క మాట అడుగుత" అన్నాను. "పడవ దిగినంక ఒక్కపారన్న ఎనకకు మళ్లి చూసినవా?"

ఆయనకు కోపం రాలేదు. నిజంగా ఆలోచించి చెప్పాడు.

"తమ్ముడున్నడు గద" అన్నాడు. "నాకేం రంది?"

పొట్లంలోంచి నాకు నాలుగు ఆకులు ఇచ్చి వెళ్లిపోయాడు.

ఆ వానాకాలం గడిచి, తూర్పుగాలి తిరిగిన రోజుల్లో ఒక మధ్యాహ్నం నేను మిల్లు నుంచి వచ్చేసరికి ఆయన ఇంట్లో కూర్చుని ఉన్నాడు. ఆ వేళకు ఆయన ఇంట్లో ఉండటం నేనెప్పుడూ చూడలేదు. ఏమైందంటే గోడ వైపు తల తిప్పాడు. గోడకు అవతల మా యారాలు పప్పు కడుగుతోంది. అడిగాను.

"పడవ అమ్మిండు గద" అన్నది ఆమె, చెయ్యి ఆపి. "ఇయ్యాల తెల్లారకముందే కొనుక్కపోయిండ్రు. మీకు చెప్పలేదా?"

గంగ కింది వైపు ఒక ఊళ్లో, కట్టడాలకు రాయి మోసే గుత్తేదారు ఒకడు కొన్నాడు. బావకు నడుము నొప్పి మొదలైంది, పడవ నడపడం చేతకావడం లేదని అమ్మేశాడు. తమ్ముడి పాలు ఎక్కడికీ పోదని పెద్దల ముందు అన్న మాట ఆయనకు జ్ఞాపకం లేదు. జ్ఞాపకం చేసేవాళ్లూ లేరు. ఆ పెద్దల్లో ఇద్దరు అప్పటికే చనిపోయారు.

మా ఆయన రెండు రోజులు కదలలేదు. మూడో రోజు పొద్దున లేచి చూస్తే, గోడ మీద ఆరేసిన మెత్తలన్నీ మూట కట్టుకుంటున్నాడు. వాళ్లకు పడవ కట్టడం తెలియదు, చూపించి వస్తానన్నాడు. నేను వద్దనలేదు. ఎండలో మూట నెత్తిన పెట్టుకుని ఒడ్డు వెంట పోతుంటే వెనక నుంచి చూశాను. మనిషి ఎంత చిన్నగా అయిపోయాడో అప్పుడు కనపడింది.

పొద్దుగూకే వేళకు వచ్చాడు. వాళ్లు మంచివాళ్లేనట. మొదట పడవ మీద తగాదా పెట్టడానికి వచ్చాడనుకున్నారట. కాదని తెలిశాక కూర్చోబెట్టి మజ్జిగ పోశారట. మెత్తలు తీసుకుని, చెప్పినవన్నీ విన్నారట. నెల పోయాక ఆయన మళ్లీ వెళ్లాడు. ఆ మెత్తల మీద రాళ్లు కొట్టేవాళ్లు కూర్చుని ఉన్నారు. పడవ ఒడ్డున ఒక బండకు కట్టి ఉంది, ఒకే తాడుతో. దాని మీద రాళ్ల గుట్ట. ఈయన్ని చూసి వాళ్లు మళ్లీ మజ్జిగ ఇవ్వబోయారట. వద్దని వచ్చేశాడు. మరుసటి వానలకు అది విరిగిపోయిందని తరువాత ఎవరో చెప్పారు. పలకలు వంటచెరకు అయ్యాయట. టేకు గదా, బాగా మండింది అన్నాడు ఆ చెప్పిన మనిషి.

ఆ వార్త విన్నాక మా ఆయన రేవు వైపు పోవడం మానేశాడు. నేను సంతోషించవలసింది. ఇన్నేళ్లకు మనిషి ఇంట్లో ఉన్నాడు. కాని ఇంట్లో ఉండి ఏం చేయాలో ఆయనకు తెలియదు, ఇంట్లో ఉన్న మనిషితో ఏం మాట్లాడాలో నాకు తెలియదు. బిడ్డ కూడా ఆయన్ని చుట్టాన్ని చూసినట్టు చూసేది. మిల్లు నుంచి వచ్చేసరికి గోడకు ఆనుకుని కూర్చుని, బాగున్న చేత్తో బాగోలేని చెయ్యి పట్టుకుని ఉండేవాడు. నొప్పిగా ఉందా అంటే లేదనేవాడు. ఆ చలికాలం జ్వరం వచ్చింది, తగ్గింది, మళ్లీ వచ్చింది. నేను పనికి పోయి ఉండగా పోయాడు.

శవం లేవడానికి ముందు మా బావ ఏడ్చిన ఏడుపు ఆ వాడలో ఎవరూ మరిచిపోలేదు. తమ్ముడి కాళ్ల మీద పడ్డాడు. పాడె ముందు భాగం తానే మోశాడు, నడుము నొప్పి ఉన్నా దించలేదు. గంగ ఒడ్డున చితి అంటుకున్నాక నలుగురు పట్టుకుంటే గాని నిలబడలేకపోయాడట. అన్నదమ్ములంటే వాళ్లని రేవంతా చెప్పుకున్నారు. నాకు కన్నీళ్లు రాలేదు. నా గుండె రాయి అని కూడా చెప్పుకున్నారు. అదీ నా చెవిన పడింది.

పదోనాడు కర్మ అయ్యాక, వచ్చినవాళ్లంతా వాకిట్లో కూర్చుని ఉండగా బావ నా దగ్గరకు వచ్చాడు. నడుమ గోడ కూలగొట్టిస్తాననీ, మళ్లీ ఒక్క ఇల్లుగా ఉందామనీ అన్నాడు. అక్కడున్న ఆడవాళ్లు కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు.

"నీకేం కావాల్నన్న అడుగు మర్దలా" అన్నాడు. "నేనున్న."

"నువ్వున్నవనే ఆయన గూడ అనుకున్నడు బావా" అన్నాను.

ఆ మాటను ఆయన మెచ్చుకోలుగానే తీసుకున్నాడు. కళ్లు తుడుచుకుని, విన్నారా అన్నట్టు చుట్టూ ఉన్నవాళ్ల వైపు చూశాడు. వాళ్లు తలలూపారు. నేను బిడ్డ చెయ్యి పట్టుకుని లేచాను. మిల్లు దగ్గర ఒక గది చూసి ఉంచుకున్నాను. చీకటి పడకముందే సామాను చేరవేయాలి.